గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ – 3వ పాఠం: గొంతు చూసి అంచనా వేయడం

పోయిన పాఠంలో ఈ బాక్టీరియా రక్తం కలిపిన అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీద ఎర్రకణాలను కరిగించి, తన చుట్టూ తేట వలయం ఏర్పరచడం చూశాం. 1933లో బాక్టీరియా శాస్త్రవేత్త రెబెకా లాన్స్‌ఫీల్డ్ స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాలను గ్రూపులుగా విడదీసిన పద్ధతీ తెలుసుకున్నాం. ఇవాళ నేరుగా రోగి నోట్లోకే చూసి, గొంతు నొప్పికి ఈ బాక్టీరియానే కారణమా అని మార్కులు వేసి అంచనా వేద్దాం.

ముందు ఒక జాగ్రత్త. ఊపిరి ఆడక ఇబ్బంది పడుతున్నా, ఉమ్మి మింగలేక చొంగ కారుతున్నా నోట్లో ఏమీ పెట్టకండి, వెంటనే ఆసుపత్రికి పంపండి.

అలాంటివేమీ లేకపోతే టార్చి వేసి, చెంచా కాడతో నాలుకను మెల్లగా అదిమి, "ఆ" అనమనండి. కాడ మరీ వెనక్కి పోతే వాంతి వచ్చినట్లవుతుంది. కొండనాలుకకు అటూ ఇటూ ఉన్న టాన్సిల్స్ వాచాయా, వాటి మీద తెల్లటి చీము మచ్చలున్నాయా? ఏది కనిపించినా ఒక మార్కు. అంగిట్లో సన్నటి ఎర్ర చుక్కలుంటే మార్కు లేదు గానీ అనుమానం బలపడుతుంది. తర్వాత దవడ మూల కింద, మెడ ముందు వైపు వేళ్ల కొసలతో తడమండి. ముట్టుకుంటే నొప్పెట్టే బిళ్లలు తగిలితే ఇంకో మార్కు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే మరొకటి.

ఇక చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న: దగ్గు ఉందా? లేకపోతేనే మార్కు. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురుపోవడం ఉంటే అది చాలావరకు వైరస్ పనే.

వయసు 3–14 ఏళ్లయితే ఒకటి కలపండి, 45 లేదా అంతకన్నా ఎక్కువైతే ఒకటి తీసేయండి. మూడేళ్లలోపు పిల్లలకు ఈ లెక్క పనికిరాదు. మొత్తం రెండు, అంతకన్నా ఎక్కువైతే గొంతు స్వాబ్ పరీక్ష చేయించాలి. నాలుగొచ్చినా నిజంగా స్ట్రెప్ (ఈ బాక్టీరియా) తేలేది దాదాపు సగం మందిలోనే, కాబట్టి మార్కులు చూసి మందు మొదలుపెట్టేయకండి.

గొంతు నొప్పి మందు లేకపోయినా కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. అసలు భయం గుండె గురించే. రెండు మూడు వారాల తర్వాత, ఈ బాక్టీరియా మీద పోరాడటానికి తయారైన యాంటీబాడీలు కొందరిలో గుండె కవాటాల మీదికే తిరుగుతాయి. అదే రుమాటిక్ జ్వరం. జబ్బు మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెడితే దాన్ని ఆపగలం. రెండో రోజుకే హాయిగా అనిపించినా డాక్టరు రాసిన 10 రోజుల కోర్సు పూర్తిచేయించండి. ఈ ఒక్కటి దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

అభ్యాసం: ఎనిమిదేళ్ల పాప. జ్వరం 38.6, దగ్గు లేదు, టాన్సిల్స్ మామూలుగానే ఉన్నాయి, మెడలో నొప్పెట్టే బిళ్లలున్నాయి. ఎన్ని మార్కులు? తర్వాత ఏం చేస్తారు? రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో జవాబు సరిచూసుకుని, చర్మం మీద ఇదే బాక్టీరియా తెచ్చే పుండ్ల దగ్గరికి వెళదాం.