ఒకేలా కనిపించే ముక్కుపురుగులను మ్యూజియం నమూనాల నుంచి విడదీసి పేరు పెట్టడం ఎలా?

సైటోఫిలస్ ఒరైజే, సైటోఫిలస్ జియామేస్ అనే రెండు ముక్కుపురుగులను పక్కపక్కన గుచ్చి పెడితే అలవాటు పడిన కన్ను కూడా తడబడుతుంది. రెండింటి పొడవూ కొద్ది మిల్లీమీటర్లే. రెండూ ముదురు గోధుమరంగువే. ముందు రెక్కల మీద నాలుగు ఎర్రటి మచ్చలు రెండింటికీ ఉంటాయి. చాలాకాలం పాటు వీటిని ఒకే జాతిలోని పెద్ద రూపం, చిన్న రూపం అనుకున్నారు. ముక్కుపురుగులు, వాటి దగ్గరి బంధువులు కలిసి ఇప్పటివరకు పేరు పొందిన జాతులు 60,000కు పైగా ఉన్నాయి కనుక ఇలాంటి జంటలు, ముగ్గురేసి కవలలు మ్యూజియం సొరుగుల్లో ఇంకా ఎన్నో ఉంటాయి. వాటిని విడదీయాలనుకునేవారు మొదటి రోజు నుంచే రెండు ప్రశ్నలను వేరువేరుగా ఉంచుకోవాలి. ఈ సొరుగులో ఎన్ని జాతులు ఉన్నాయన్నది మొదటి ప్రశ్న, దానికి జవాబు పురుగు శరీరంలో ఉంటుంది. వాటిలో ఏ జాతికి ఏ పేరు చెల్లుతుందన్నది రెండో ప్రశ్న, దానికి జవాబు పాత గ్రంథాల్లోనూ, ఆ గ్రంథకర్తలు చూసిన నమూనాల్లోనూ ఉంటుంది. ఈ రెంటినీ కలిపేసి, తేడా కనిపించగానే కొత్త పేరు కోసం వెతకడమే కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు.

ముందు చీటీ, తరువాత పురుగు

నమూనాను మైక్రోస్కోప్ కింద పెట్టే ముందు దాని సూదికి గుచ్చిన చీటీలన్నింటినీ పై నుంచి కిందికి, ఉన్న క్రమంలోనే, అక్షరం మార్చకుండా రాసుకోవాలి. చీటీ వెనుక వైపు కూడా చూడాలి, ఎందుకంటే సేకరణ సంఖ్య ఒక్కోసారి అక్కడే ఉంటుంది. తేదీలో రోజు ముందా, నెల ముందా అన్న అనుమానం రాకుండా చాలామంది సేకర్తలు నెలను రోమన్ అంకెల్లో రాసేవారు. అంకెలన్నీ ఒకే తీరున ఉన్న చీటీని మాత్రం ఒక అర్థానికి తొందరపడి కట్టేయకూడదు. ఊరి పేరు మారిపోయి ఉంటే చీటీ మీది పేరును అలాగే ఉంచి, నేటి పేరును మీ నోటు పుస్తకంలో విడిగా చేర్చాలి. పాత చీటీ ఎంత మాసినా, ఎంత తప్పుగా ఉన్నా తీసివేయకూడదు. ఒక నమూనాను వందేళ్ల కిందట ఎవరు చూశారో చెప్పే సాక్ష్యం కొన్నిసార్లు ఆ చేతిరాత ఒక్కటే.

ఇదయ్యాక ప్రతి నమూనాకూ ఒక సంఖ్య ఇచ్చి, పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా ఫొటోలు తీయాలి. ముక్కుపురుగులను చాలావరకు త్రికోణపు అట్టముక్క కొనకు జిగురుతో అంటిస్తారు. ఆ జిగురు ఉదరాన్ని కప్పేసి ఉంటే ఇప్పుడే గమనించి రాసుకోవాలి, తరువాతి పనికి అది అడ్డు వస్తుంది.

పైకి కనిపించే తేడాలు, పైకి కనిపించే మోసాలు

చూడవలసినవి చాలా ఉన్నాయి. తుండం (ముక్కులా ముందుకు సాగిన భాగం) పొడవు, వంపు, స్పర్శశృంగం (మీసం) తుండం మీద మొలిచిన చోటు, స్పర్శశృంగం ఖండాల నిష్పత్తులు, ఉరం (తల వెనుక భాగం) మీది గుంటల ఆకారం, ముందు రెక్కల మీది చాళ్ళు, వాటి మధ్య గట్లు, పొలుసుల రంగు, తొడల మీది ముళ్ళు, గోళ్ళ తీరు, ఇవన్నీ ప్రతి పురుగులోనూ ఒకే వరుసలో చూడాలి. శరీరం పొడవు కొలిచేటప్పుడు తుండాన్ని కలపకుండా కొలవడం ముక్కుపురుగుల విషయంలో వాడుక. ఎవరైనా కలిపి కొలిస్తే ఆ మాట స్పష్టంగా రాయాలి, లేకపోతే రెండు వ్యాసాల్లోని అంకెలను పోల్చడానికి వీలుండదు.

మోసపోయే చోట్లు మూడు నాలుగు ఉన్నాయి. అన్నింటికన్నా పెద్దది ఆడ, మగ తేడా. కర్కులియో ప్రజాతిలో (దగ్గరి జాతుల సమూహాన్ని ప్రజాతి అంటారు) ఆడపురుగు కాయలకు, గింజలకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది కనుక దాని తుండం మగదానికన్నా చాలా పొడవుగా ఉంటుంది. ఆడవాటిని, మగవాటిని విడదీయకుండా కొలిచినవారికి ఒకే జాతి రెండు జాతులుగా కనిపించడంలో వింత లేదు. చాలా ప్రజాతుల్లో మగపురుగు ఉదరం అడుగున మొదటి ఖండాలు కాస్త లోపలికి నొక్కినట్టు ఉంటాయి, ఆడదానిలో ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇది మొదటి ఆనవాలే కానీ తుది రుజువు కాదు. రెండో మోసం పొలుసులది. పచ్చగానో బూడిదరంగులోనో మెరిసే పురుగు ముసలిదైతే, లేదా సేకర్త దాన్ని సీసాలో ఇతర పురుగులతో కలిపి కుదిపితే, పొలుసులు రాలి నల్లగా నున్నగా మిగులుతుంది. దాన్ని నల్ల జాతి అనుకోవడం ఎంత సులువో చెప్పనక్కరలేదు. చాళ్ళ మధ్య మూలల్లో, కాళ్ళ మొదళ్ళలో వెతికితే ఒకటి రెండు పొలుసులు ఇంకా అంటుకుని కనిపిస్తాయి. మూడోది, కోశం నుంచి బయటికి వచ్చిన కొద్దికాలానికే పట్టుబడిన పురుగు ఎర్రగా, మెత్తగా ఉంటుంది, దాని రంగును లక్షణంగా తీసుకోకూడదు. ఇక పరిమాణాన్ని నమ్మడం మరీ ప్రమాదం. గింజ లోపలే పెరిగే డింభకం (లార్వా) చిన్న గింజలో పెరిగితే చిన్న పురుగవుతుంది, పెద్ద గింజలో పెరిగితే పెద్ద పురుగవుతుంది. సైటోఫిలస్ జంట విషయంలో ఇన్నేళ్ల గందరగోళానికి ఇదీ ఒక కారణమే.

లోపల చూడటం

పైన చెప్పినవన్నీ చూశాక కూడా ఇవి ఒకటా, రెండా అన్న సందేహం మిగిలితే, మగవాటి జననాంగాలను విప్పి చూడాలి. నా అభిప్రాయంలో దగ్గరి జాతుల విషయంలో సందేహం లేకపోయినా చూడాలి. మ్యూజియం నమూనాను విప్పడానికి రాతపూర్వక అనుమతి అవసరం, టైపు నమూనా (ఒక పేరుకు ఆధారంగా నిలిచిన నమూనా) అయితే ఇది మరింత ముఖ్యం. ఒకవేళ డీఎన్ఏ కూడా తీయదలచుకుంటే ఆ పని ముందు జరగాలి, ఎందుకంటే తరువాత వాడే క్షారం డీఎన్ఏను పాడుచేస్తుంది.

పురుగును అట్ట నుంచి విడదీసి గోరువెచ్చని నీటిలో మెత్తబడనివ్వాలి. కాళ్ళు విరగకుండా కదిలే స్థితికి వచ్చాక సన్నని సూదితో ఉదరాన్ని మెల్లగా ఊడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేయాలి. చల్లటి ద్రావణమైతే ఒక రాత్రి ఉంచాలి, వేడి చేస్తే కొద్ది నిమిషాల్లోనే కండరాలు కరిగి గట్టి భాగాలు మాత్రం మిగులుతాయి. ఆ ద్రావణం చర్మాన్నీ కళ్ళనూ కాల్చేది కనుక చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. నీటితో బాగా కడిగి, గ్లిజరిన్ చుక్కలోకి మార్చి, అప్పుడు చూడాలి.

ఇక్కడే సైటోఫిలస్ జంట గుట్టు బయటపడుతుంది. జియామేస్ మగపురుగు శిశ్నం పైభాగాన రెండు పొడవాటి గాళ్ళు కనిపిస్తాయి. ఒరైజేలో అదే పైభాగం నున్నగా, గుండ్రంగా ఉంటుంది. వెలుతురును ఒక పక్క నుంచి ఏటవాలుగా పడనిస్తే గాడి నీడ తేటగా తెలుస్తుంది, నేరుగా పై నుంచి వెలుతురు పడితే ఏమీ కనిపించక రెండూ ఒకటే అనిపిస్తాయి. ఆడవాటిలో ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఒక గట్టి పలక ఉంటుంది. దాని రెండు కొమ్మల కొసలు ఒరైజేలో గుండ్రంగా ఉంటాయి, జియామేస్‌లో మొనదేలి, ఎడంగా ఉంటాయి. చూసిన భాగాన్ని కనీసం రెండు కోణాల్లో బొమ్మ గీసి, గ్లిజరిన్ ఉన్న చిన్న గొట్టంలో వేసి, అదే సూదికి గుచ్చాలి. విడి పెట్టెలో దాచిన జననాంగాలు కొన్నేళ్లకు ఏ పురుగువో తెలియకుండా పోతాయి.

జాతి తేడానా, జాతిలోపలి వైవిధ్యమా?

ఒక్కొక్క నమూనాను పట్టుకుని తీర్పు చెప్పకూడదు, వీలైనన్నింటిని పరిచి చూడాలి. తుండం పొడవును ఉరం పొడవుతో భాగించి, ఆడవాటికీ మగవాటికీ వేర్వేరుగా గ్రాఫు గీస్తే, చుక్కలు ఒకే మబ్బులా పరుచుకున్నాయా, మధ్యలో ఖాళీతో రెండు గుంపులయ్యాయా అన్నది తెలుస్తుంది. ఒకే చోట, ఒకే రోజున పట్టిన పురుగుల్లో రెండు రూపాలు ఉండి, వాటి మధ్య రూపం ఒక్కటీ లేకపోతే అవి వేర్వేరు జాతులనడానికి అది బలమైన సాక్ష్యం. అదే తేడా చాలా దూరంలో ఉన్న రెండు ప్రాంతాల మధ్య మాత్రమే కనిపిస్తే ప్రాంతాన్ని బట్టి వచ్చిన మార్పు కూడా కావచ్చు, మధ్య ప్రాంతాల నమూనాలు చూసేదాకా ఆగాలి. ఓటియోరింకస్ సల్కేటస్ వంటి కొన్నింటిలో మగవి లేకుండానే ఆడవి సంతానాన్ని కంటాయి కనుక, పై పద్ధతులన్నీ వాటికి అలాగే వర్తించవు.

కొత్తగా సేకరించిన నమూనాలైతే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ జన్యువులోని 658 డీఎన్ఏ అక్షర జతల భాగాన్ని చదివి పోల్చవచ్చు. న్యూగినీకి చెందిన ట్రైగోనోప్టెరస్ ప్రజాతిలో 2013లో ఒకే వ్యాసంలో 101 కొత్త జాతులకు పేర్లు పెట్టగలిగారంటే, రూపంతో పాటు ఈ భాగాన్ని కూడా వాడుకోవడమే కారణం. పాత మ్యూజియం నమూనాల్లో డీఎన్ఏ చిన్న ముక్కలై ఉంటుంది, పూర్తి భాగం దొరకడం కష్టం.

పాత పేర్ల లెక్క తేల్చడం

జాతులు ఎన్నో తేలాక, ఆ ప్రజాతిలో ఎవరు ఎప్పుడు పెట్టిన పేరైనా సరే, పర్యాయ నామాలుగా (అదే జాతికి పెట్టిన ఇతర పేర్లుగా) పక్కన పెట్టినవాటితో సహా, జాబితా రాయాలి. జంతువుల నామకరణ నియమావళి ప్రకారం లెక్క 1758 నుంచి మొదలవుతుంది. ఒకే జాతికి రెండు పేర్లుంటే ముందు పెట్టినదే చెల్లుతుంది. 1899 తరువాత ఎవరూ చెల్లుబాటు పేరుగా వాడని పాత పేరు బయటపడి, కొత్త పేరు బాగా స్థిరపడి ఉంటే మాత్రం కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది.

పేరు అతుక్కుని ఉండేది వర్ణనకు కాదు, టైపు నమూనాకు. అందువల్ల పాత వర్ణన చదివి సరిపెట్టుకోకుండా టైపును చూడాలి, లేదా దాని ఫొటోలు తెప్పించుకోవాలి. పాత గ్రంథకర్తలు చాలామంది ఒకే టైపును ఎంచుకోలేదు. వారి ముందున్న పురుగులన్నీ కలిసి సిన్‌టైపులవుతాయి, వాటిలో రెండు జాతులు కలిసిపోయి ఉండటం అరుదేమీ కాదు. అప్పుడు ఒకదాన్ని లెక్టోటైపుగా ఎంచి ప్రకటిస్తే ఆ పేరు ఎవరిదో తేలిపోతుంది. ఎంచేటప్పుడు మగదాన్ని, చీటీ స్పష్టంగా ఉన్నదాన్ని, వాడుకలో ఉన్న అర్థానికి సరిపడేదాన్ని తీసుకోవడం మేలు. చీటీ మీద టైపు అని ఉంటే చాలదు, ఆ మాటను తరువాతి వారెవరో రాసి ఉండవచ్చు.

సైటోఫిలస్ కథలో రెండో మలుపు ఇదే. చిన్న రూపానికి ససాకియై అనే పేరు విడిగా వచ్చింది, పెద్దదాన్ని ఒరైజే అని పిలిచేవారు. 1961లో కుషెల్ అనే కీటక శాస్త్రవేత్త ఈ పేర్ల చిక్కును విప్పి, లిన్నేయస్ పెట్టిన ఒరైజే అనే పేరు చిన్నదానికే చెందుతుందని, పెద్దది మోచుల్స్కీ 1855లో వర్ణించిన జియామేస్ అని, ససాకియై పర్యాయ నామమని తేల్చారు. కాబట్టి అంతకు ముందు రాసిన వ్యాసంలో ఒరైజే అని కనిపిస్తే అది ఏ పురుగో నమూనా చూస్తే తప్ప నమ్మకూడదు. లిన్నేయస్ 1763లో దీన్ని కర్కులియో ప్రజాతిలో పెట్టాడు, ఇప్పుడది సైటోఫిలస్‌లో ఉంది కనుక ఆయన పేరునూ సంవత్సరాన్నీ బ్రాకెట్లలో రాస్తారు. మోచుల్స్కీకి బ్రాకెట్లు లేవు.

కొత్త పేరు

పాత పేర్లలో ఏదీ సరిపోకపోతేనే కొత్త పేరు. అది లాటిన్ లిపిలో ఉండాలి, ఆ ప్రజాతిలో అదే పేరు ముందే వాడి ఉండకూడదు, విశేషణమైతే ప్రజాతి పేరు లింగానికి అనుగుణంగా మారాలి. ఒరైజే అంటే వరికి చెందినదని అర్థం, అది విశేషణం కాదు కనుక ఎక్కడికి వెళ్లినా మారదు. ఒక వ్యక్తి గౌరవార్థం పెడితే పురుషుడికి ఇ, స్త్రీకి ఏ ధ్వనితో ముగిసే ప్రత్యయం చేరుతుంది. తన పేరే పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించలేదు, కానీ ఎవరూ మెచ్చరు.

1999 తరువాత ప్రచురించే ప్రతి కొత్త జాతికీ అది కొత్తదని స్పష్టంగా ప్రకటించాలి, హోలోటైపును (పేరుకు ఆధారంగా ఎంచిన ఒకే ఒక నమూనాను), లేదా సిన్‌టైపులను పేర్కొనాలి, వాటిని ఏ సేకరణలో ఉంచుతున్నారో చెప్పాలి. దగ్గరి జాతుల నుంచి దీన్ని వేరుచేసే లక్షణాలను మాటల్లో రాయాలి. కేవలం ఇంటర్నెట్‌లో వచ్చే వ్యాసమైతే అది జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల అధికారిక నమోదు పట్టికలో) నమోదై ఉండాలి, ఆ నమోదు సంగతి వ్యాసంలోనే కనిపించాలి. వ్యాసంలోని గుర్తింపు కీని (లక్షణాలను ఒక్కొక్కటిగా అడుగుతూ జాతి పేరుకు చేర్చే వాక్యాల వరుసను) పంపే ముందు, ఈ గుంపుతో పరిచయం లేని ఒకరికి ఐదారు నమూనాలతో ఇచ్చి నడిపించి చూడటం మంచిది. ఎక్కడ వారు ఆగిపోతారో అక్కడ వాక్యం మార్చాలి.

నమూనాలను తిరిగి పంపేటప్పుడు ప్రతి సూదికీ పాత చీటీల కింద మీరు నిర్ణయించిన పేరు, మీ పేరు, సంవత్సరం ఉన్న కొత్త చీటీ గుచ్చాలి. మగవాటితో జతపరచలేకపోయిన ఆడవాటిని పారాటైపుల్లో (హోలోటైపు కాక వర్ణనకు వాడిన మిగతా నమూనాల్లో) చేర్చకుండా, ప్రజాతి పేరు మాత్రం రాసి, సొరుగులో ఒక పక్కన విడిగా ఉంచాలి.