ఎస్ప్రెసో మెషీన్‌లో మెల్లటి ప్రీ-ఇన్ఫ్యూజన్: పంపుకి డిమ్మర్ పెట్టే ముందు జాగ్రత్తలు

ఇంటి మెషీన్లలో ఉండే వైబ్రేషన్ పంపు స్విచ్ వేసిన మరుక్షణం నుంచీ పూర్తి బలంతో కొడుతుంది. పొడి తడిసి ఉబ్బేలోపే ఒత్తిడి 9 బార్లకు చేరితే నొక్కిన కాఫీ పొడి దిమ్మ ఎక్కడో ఒకచోట బీట వేస్తుంది, నీళ్లు ఆ బీటలోంచే దారి చేసుకుంటాయి. అక్కడి పొడి అతిగా దిగి చేదెక్కుతుంది, పక్కనున్నది సరిగా దిగక పులుపు తేలుతుంది. మొదటి ఆరు నుంచి పది సెకన్లు నీళ్లు నెమ్మదిగా వస్తే (దీన్నే ప్రీ-ఇన్ఫ్యూజన్ అంటారు) ఈ బెడద బాగా తగ్గుతుంది. అందుకు మార్చాల్సింది పంపుకి వెళ్లే కరెంటు ఒక్కటే, దాన్ని డిమ్మర్‌తో తగ్గిస్తాం. హీటరు, థర్మోస్టాట్లు, థర్మల్ ఫ్యూజు, ఒత్తిడి హద్దు దాటితే నీళ్లను వెనక్కి వదిలే ఓపీవీ... డిమ్మర్ పనిలో వీటి జోలికి అసలు పోవద్దు.

మెషీన్ విప్పే ముందు గేజ్ ఉన్న పోర్టాఫిల్టర్ (కాఫీ పొడి నింపి మెషీన్‌కి తగిలించే పిడి ఉన్న గిన్నె) తగిలించి ఒత్తిడి చూడండి. 12, 13 బార్లు చూపిస్తే ముందు తయారీదారు చెప్పిన పద్ధతిలో ఓపీవీని 9 దగ్గరికి సర్దించాలి. దిమ్మ బీటవేయడం అంతటితోనే చాలావరకు ఆగొచ్చు. డిమ్మర్ లేకుండా ప్రీ-ఇన్ఫ్యూజన్ కోసం బ్రూ స్విచ్ వేసి, తీసి, మళ్లీ వేసే చిట్కా మాత్రం త్రీ-వే సోలనాయిడ్ (కాఫీ ఆపగానే మిగిలిన ఒత్తిడిని బయటికి వదిలే కరెంటు వాల్వ్) ఉన్న మెషీన్‌లో పనికిరాదు. తీసిన ప్రతిసారీ ఒత్తిడి ఒక్కసారిగా డ్రిప్ ట్రేలోకి జారిపోతుంది, ఆ వెనకలాగుడుకి దిమ్మ పైభాగం చెదురుతుంది.

ఇక విప్పడం. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి కంటికి కనిపించేలా పక్కన పెట్టుకోండి. బాయిలర్ పూర్తిగా చల్లారాలి, ట్యాంకు ఖాళీ చేయాలి. ఏ వైరు ఎక్కడుందో ఫోటోలు తీసుకోండి. మెషీన్‌కి వచ్చే లైనులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే రక్షణ స్విచ్) లేకపోతే ఈ పని మొదలే పెట్టవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాటు జరిగేది వైరింగ్‌లో. చాలా మెషీన్లలో బ్రూ స్విచ్ నుంచి వచ్చే ఫేజ్ పంపుకీ సోలనాయిడ్‌కీ కలిసే వెళ్తుంది. డిమ్మర్‌ని ఆ రెండూ చీలకముందే పెడితే సోలనాయిడ్‌కి కూడా డిమ్మర్ కోసి తగ్గించిన కరెంటే అందుతుంది. అది గరగరలాడుతుంది, సగమే తెరుచుకుంటుంది, చివరికి కాయిల్ కాలిపోతుంది. కాబట్టి చీలిక దాటాక, పంపుకి చేరే ఆఖరి జానెడు వైరులోనే డిమ్మర్ ఉండాలి. పంపు మీద క్లిప్పుతో థర్మల్ స్విచ్ (వేడి మితిమీరితే పంపుని ఆపేది) ఉంటే దాన్ని తప్పించకుండా, వరుసలో అలాగే ఉంచండి.

ఏ డిమ్మర్ అనేది కూడా ముఖ్యమే. వైబ్రేషన్ పంపులో ఒక డయోడ్ ఉంటుంది, అది కరెంటులో సగం అలనే వాడుకుంటుంది. అందుకే మోటారు లాంటి లోడ్లకి తగ్గ ట్రయాక్ (కరెంటు అలలో కొంత కోసి మిగతాది వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) డిమ్మరే కావాలి. ఎల్‌ఈడీ దీపాల కోసం చేసే ట్రైలింగ్-ఎడ్జ్ (అల చివరి భాగాన్ని కోసే) డిమ్మర్లు వద్దు. కెపాసిటర్లతో మెట్లుమెట్లుగా పనిచేసే ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా వద్దు. డయోడ్ కరెంటుని ఒకే వైపు పోనిస్తుంది కాబట్టి ఆ కెపాసిటర్ నిండిపోయి పంపు ఆగిపోతుంది. పంపు తీసుకునేది సుమారు 50 వాట్లే, డిమ్మర్ సామర్థ్యం గురించి బెంగ అక్కర్లేదు. బెంగంతా ఇన్సులేషన్ గురించే. విడి మాడ్యూల్ అయితే ట్రయాక్ మీద అక్షరాలు చదవండి: బీటీఏ అని ఉంటే లోహపు పలకకి కరెంటు తగలకుండా వేరుపడి ఉంటుంది, బీటీబీ అయితే దాని హీట్‌సింక్‌లోనే కరెంటు ఉంటుంది. నాబ్ కింది పొటెన్షియోమీటర్ (తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) కాళ్లలో మెయిన్స్ కరెంటు పారుతుంది కాబట్టి కాడ, నాబ్ రెండూ ప్లాస్టిక్‌వే వాడాలి. మాడ్యూల్‌ని మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో, బాయిలర్‌కి దూరంగా, ట్యాంకు కింద పడకుండా బిగించండి. లోపల 180 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ వైరే వాడండి. పెట్టెలోకి వెళ్లేముందు వైరు కొంచెం కిందికి వేలాడితే దాని మీద జారిన నీటిచుక్క అక్కడే రాలిపోతుంది.

నీడిల్ వాల్వ్‌తో (సూదిమొనతో నీటి దారిని ఇరుకు చేసే చిన్న కుళాయి) ప్రవాహం తగ్గించడం ఇంకో దారి, కానీ అందులో చిక్కు ఎక్కువ. దాన్ని పంపుకీ ఓపీవీకీ మధ్య పెట్టి పూర్తిగా మూస్తే పంపు ఒత్తిడికి బయటి దారి ఉండదు, 15 బార్ల భారమంతా గొట్టం మీదా కీళ్ల మీదా పడుతుంది. ఓపీవీ తర్వాత పెడితే, మూసినప్పుడు బాయిలర్‌కి ఓపీవీ అందదు. స్టీమ్ కోసం వేడెక్కిన నీళ్లు వ్యాకోచిస్తే ఎటూ పోలేవు. రెండూ ప్రమాదమే. తప్పదనుకుంటే పంపు తర్వాత ఇంగ్లీషు T ఆకారంలో మూడు దారులుండే టీ జాయింట్ వేసి, వాల్వ్‌ని ట్యాంకులోకి తిరిగివెళ్లే పక్కదారిలో పెట్టండి. మూస్తే మెషీన్ మామూలుగా పనిచేస్తుంది, తెరిస్తే కొంత నీరు వెనక్కి పోతుంది. స్టీమ్ వేసే ముందు ఈ వాల్వ్ మూయాలి, లేదంటే మరిగే నీళ్లు ట్యాంకులోకి ఎదురొస్తాయి. ఆ గొట్టం కొసని ట్యాంకుకి క్లిప్పుతో కట్టేయండి, జారితే నీళ్లు వైర్ల మీదే చిమ్ముతాయి. మరలకి టెఫ్లాన్ టేప్ మూడు చుట్లు చాలు, మొదటి మర వదిలేసి చుట్టాలి. తెగిన టేప్ పీలిక సోలనాయిడ్‌లో ఇరుక్కుంటే మళ్లీ మొత్తం విప్పాల్సిందే. అల్యూమినియం బాయిలర్‌లోకి ఇత్తడి ఫిట్టింగ్‌ని బలంకొద్దీ తిప్పవద్దు, మరలు ఊడిపోతాయి.

బిగించాక, కరెంటు ఇవ్వకముందే, ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ లోహపు బాడీకీ, బాయిలర్‌కీ మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. 1 ఓమ్ లోపే ఉండాలి. ట్యాంకు నింపి, మూత వేశాకే ప్లగ్గు పెట్టి, బాయిలర్ వేడెక్కకముందే పంపుని కొద్దిసేపు నడపండి. ప్లగ్గు పీకి, మూత తీసి, కీళ్లకి పొడి టిష్యూ కాగితం అద్ది తడి చూడండి.

తర్వాత పోర్టాఫిల్టర్ లేకుండా పది సెకన్లు వదిలి నీళ్లు తూచండి. డిమ్మర్‌తో 20 నుంచి 40 గ్రాములు వస్తే ప్రీ-ఇన్ఫ్యూజన్‌కి సరైన వేగం. నాబ్ ఇంకా తగ్గిస్తే పంపు గుయ్‌మంటుంది కానీ నీళ్లు కదలవు. పంపుని చల్లబరిచేది దానిలోంచి పోయే నీళ్లే, కాబట్టి అలా వదిలేస్తే కాయిల్ వేడెక్కి పాడవుతుంది. నీళ్లు నిలకడగా వచ్చే అతి తక్కువ చోట గుర్తు పెట్టి నాబ్ అంతకు దిగకుండా ఆపు పెట్టండి.

త్రీ-వే సోలనాయిడ్ లేని మెషీన్‌లో షాట్ (కాఫీ దిగడం) మధ్యలో ఆపితే ఒత్తిడి దిమ్మ మీదే మిగిలిపోతుంది. చుక్కలు పడటం పూర్తిగా ఆగేదాకా పోర్టాఫిల్టర్ తిప్పవద్దు, వేడి పొడి ముఖాన చిమ్ముతుంది. వారం వాడాక ప్లగ్గు పీకి ఒకసారి మూత తీసి స్పేడ్ కనెక్టర్లు (వైరు కొసన ఉండే చదునైన లోహపు తొడుగులు) చూడండి. ఎక్కడైనా వదులైనా, ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగినా ఆ కనెక్టర్ కోసేసి కొత్తది క్రింప్ చేయండి (పరికరంతో నొక్కి బిగించండి).