గేర్ ఆయిల్ మార్పిస్తున్నారా? ముందు పై బోల్టు సంగతి చూడండి

విజయనగరంలో మీ వీధి చివరి షెడ్డులో కారు గేర్ ఆయిల్ మార్పించాలనుకుంటే, పని మొదలుకాకముందే మెకానిక్‌తో ఒక మాట అనండి: "గురువుగారూ, ఆయిల్ నింపే బోల్టు ఊడుతుందని తేలాకే పాత ఆయిల్ దించే కింది బోల్టు విప్పండి." ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ఆ పై బోల్టు తుప్పుతో బిగుసుకుపోయి ఉండవచ్చు. పాత ఆయిలంతా కారిపోయాక అది మొరాయిస్తే బండి షెడ్డులోనే!

ఆయిల్ డబ్బా మీరే చూసి కొనండి. కారుతో వచ్చిన పుస్తకంలో గేర్ ఆయిల్ రకం జీఎల్-4 అని ఉంటే అదే. "జీఎల్-5 ఇంకా మంచిది సార్" అని దుకాణదారు అన్నా తలూపకండి. అందులో ఎక్కువగా కలిపే గంధకపు రసాయనాలు గేర్‌బాక్సులో గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేయవచ్చు. క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్, సీవీటీ బండ్ల ఆయిల్ వేరు, వాటి జోలికి ఇది తేవద్దు.

ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ తరచూ ఎక్కే బండ్లకు గడువు కంటే ముందే మార్పించడం మేలు. కాస్త దూరం నడిపి, ఇంజిన్ వేడి మీద తీసుకెళ్తే పాత ఆయిల్ బాగా దిగుతుంది. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే వేలితో తడిమి చూడండి. మెత్తని బూడిదరంగు ముద్ద మామూలే. గోటికి గుచ్చుకునే ఇనుప పలుకులు తగిలితే గేర్‌బాక్సు విప్పి చూపించాలి. బోల్టు వాషర్ కొత్తదే వేయించండి, అక్కడ కక్కుర్తి వద్దు.

నింపేటప్పుడు బండి సమంగా ఉండాలి. చాలా మాన్యువల్ గేర్‌బాక్సుల్లో పై రంధ్రం అంచు నుంచి ఆయిల్ బొట్లుగా కారితే నిండినట్టు. జాకీతో ఒకవైపే ఎత్తి నింపితే ఈ లెక్క తప్పుతుంది.