టర్కిష్‌లో ‘గెలిచాను’, ‘సంపాదించాను’ అనడం ఎలా?

నా దగ్గరికి టర్కిష్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళందరి చేతిలో ఒక నోట్‌బుక్ ఉంటుంది. అందులో ‘కజన్‌మక్’ అనే క్రియని గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో రూపం నింపి తెస్తారు. సరే, ‘నిన్న మ్యాచ్ గెలిచాం’ అనండి అంటే మాత్రం నోరు పెగలదు. పెగిలినా తప్పే వస్తుంది. ఆ నోట్‌బుక్ పక్కన పెట్టి నేను చెప్పే వరసలో చేయండి.

కావలసినవి: ఒక కాగితం, ఒక పెన్ను, పక్కింటికి వినపడేలా పైకి అనే ధైర్యం. యాప్ అక్కర్లేదు. లిపి గురించి టెన్షన్ వద్దు. 1928 నుంచి వాళ్ళవి లాటిన్ అక్షరాలే, దాదాపు రాసినట్టే చదువుతారు. రెండు శబ్దాలు మాత్రం చూసుకోండి. ‘కజన్’లో జ ‘జడ’లోని జకి దగ్గర, ‘జీతం’లోది కాదు. నాలుక పళ్ళకి ఆనకుండా పలకాలి. రెండోది చుక్క లేని ఐ అక్షరం. ఇక్కడ దాన్ని ‘ఇ’ అని రాస్తున్నాను గానీ, పెదాలు గుండ్రంగా చుట్టకుండా ‘ఉ’ అంటే వచ్చే శబ్దం అది.

మొదటి పని, ధాతువు పట్టుకోవడం. ‘మక్’ తీసేస్తే ‘కజన్’ మిగులుతుంది. గెలవడానికీ సంపాదించడానికీ ఇదొక్కటే. నామవాచకంగా వాడితే కజన్ అంటే గుండిగ. నస్రెద్దీన్ హోజా (మనం ముల్లా నస్రుద్దీన్ అనే కథలాయనే) పొరుగాయన దగ్గర అరువు తెచ్చి, ‘మీ గుండిగ పిల్లని కంది’ అని చిన్న గిన్నెతో సహా తిరిగిచ్చి, రెండోసారి ‘అది చచ్చిపోయింది’ అని ఎగ్గొట్టిన గుండిగ ఇదే. రెండు కజన్లకీ అర్థంలో సంబంధం లేదు, కంగారుపడకండి.

రెండో పని, భూతకాలం. వర్తమానంతో మొదలుపెట్టించే పుస్తకాలంటే నాకు పడదు. గెలిచినవాడు గెలిచాకే కదా చెప్పుకుంటాడు! కజన్‌దిమ్ (గెలిచాను), కజన్‌దిన్ (గెలిచావు), కజన్‌ది (గెలిచాడు, గెలిచింది), కజన్‌దిక్ (గెలిచాం), కజన్‌దినిజ్ (గెలిచారు, ఎదుట ఉన్నవాళ్ళు), కజన్‌దిలర్ (వాళ్ళు గెలిచారు). ఆడా మగా తేడా లేదు, అంత పని తప్పింది.

మిగతా కాలాలు ఒక సాయంత్రం పని. కజనియోరుమ్ అంటే సంపాదిస్తున్నాను. ‘అయ్‌ద నె కదర్ కజనియోర్‌సున్?’ అంటే నెలకి ఎంత సంపాదిస్తున్నావు. కజనజక్ అంటే గెలుస్తాడు, ఇక ముందు. కజనిర్ అంటే మామూలుగా గెలుస్తుంటాడు. ‘కజనర్’ అనకండి. ‘అర్’ ఎక్కువగా ఒక్క అక్షరపు ధాతువులకి వస్తుంది, దీనికి ‘ఇర్’ రావాలి.

వీటన్నిటినీ తెలుగులోంచి నేర్చుకోండి, ఇంగ్లీషు మీదుగా వద్దు. ఇది నా మొండిపట్టు అనుకున్నా సరే. ‘గెలవలేదు’, ‘గెలవలేకపోయాం’ మధ్య తేడా ఇంగ్లీషులో మాటల గుంపు. మనకి ఒక్కో మాట, టర్కిష్‌కీ ఒక్కో మాటే. కజన్‌మదిక్ అంటే గెలవలేదు. కజనమదిక్ అంటే గెలవలేకపోయాం. మధ్యలో ఒక్క ‘అ’ వచ్చి ‘న’ అయింది, అంతే. మొదటిదాంట్లో ‘జన్’ మీద ఒత్తు పడుతుంది, రెండోదాంట్లో ‘న’ మీద. మ్యాచ్ ఓడినవాడి నోట ఎక్కువగా వినపడేది రెండోది.

అలాగే ‘కజన్‌మిష్’. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి పేజీలు పేజీలు వివరణ ఉంటుంది. మనకి ‘గెలిచాడట’ అంటే అయిపోయింది. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఎవరూ చెప్పకపోయినా, పొద్దున లేచి చూస్తే ఫలితం కనపడిందనుకోండి, అప్పుడూ ‘మిష్’ వాడతారు. లాటరీ టికెట్ చూసుకుని ‘కజన్‌మిషిమ్!’ అంటే ‘అరే, నాకే తగిలిందే!’ అని.

ఇక అసలు పని. తెలుగు ఇంతవరకూ చేయి పట్టుకుని నడిపించి, సరిగ్గా ఇక్కడే వదిలేస్తుంది.

గెలుపో సంపాదనో క్రియ చెప్పదన్నాం కదా, దాని ముందున్న మాట చెప్పాలి. ‘పర కజన్‌దిక్’ అంటే డబ్బు సంపాదించాం. ‘మచి కజన్‌దిక్’ అంటే మ్యాచ్ గెలిచాం. డబ్బుకి ప్రత్యయం లేదు, మ్యాచ్‌కి ఉంది. ‘మచ్’ చివర చేరిన ఆ ‘ఇ’ మన ‘ను’ లాంటిది. మన నాలుక దాన్ని మింగేస్తుంది, ఎందుకంటే మనం ‘మ్యాచ్‌ను గెలిచాం’ అనం, ‘మ్యాచ్ గెలిచాం’ అంటాం. ప్రాణం లేని వస్తువైతే ‘ను’ వదిలేయడం మన అలవాటు.

టర్కిష్‌కి ప్రాణంతో పని లేదు. మీకూ ఎదుటివాడికీ తెలిసిన ఆ ఒక్కటేనా, లేక ఏదో ఒకటా? అదే చూస్తుంది. నిన్నటి మ్యాచ్ అయితే ‘మచి కజన్‌దిక్’. ఏదో ఒక మ్యాచ్ అయితే ‘బిర్ మచ్ కజన్‌దిక్’, ప్రత్యయం వద్దు. ఊరికే డబ్బు అయితే ‘పర’. అనుకున్న ఆ ప్రైజు డబ్బే అయితే ‘పరయి’. అచ్చు తర్వాత అచ్చు రాకూడదు కాబట్టి మధ్యలో ఒక ‘య్’ దూరుతుంది. మాట పలికే ముందు ‘ఆ ఒక్కటేనా?’ అని మనసులో ఒకసారి అడగండి. అడక్కుండా పలికితే తప్పుతారు, నేను చూస్తూనే ఉన్నాను.

రెండో గుంట ఇంతకంటే లోతు: ఓడిపోయినవాడి పేరు. నేనే పడ్డాను అందులో. ఇస్తాంబుల్‌లో ఓ టీకొట్టు దగ్గర, మనవాళ్ళు ఆస్ట్రేలియా మీద క్రికెట్ మ్యాచ్ గెలిచిన సంతోషంలో, ‘అవుస్త్రల్యయి కజన్‌దిక్’ అన్నాను. టీ పోసే పెద్దాయన చక్కెర బిళ్ళలు రెండు నా సాసర్‌లో పెట్టి, చాలా గంభీరంగా ‘హయిర్లి ఒల్సున్’ అన్నాడు. కొత్త ఇల్లో కారో కొనుక్కున్నవాళ్ళతో అనే శుభాకాంక్ష అది. నేనన్నది ఆస్ట్రేలియాను సంపాదించుకున్నామని!

మన చేతిలో ఓడిన జట్టు కజన్‌మక్‌కి కర్మగా రాకూడదు. మనిషిని పెడితే ఇంకా తిరకాసు. తెలుగులో ‘వాణ్ణి గెలిచాను’ అంటే ఓడించాను. టర్కిష్‌లో ‘ఒను కజన్‌దిమ్’ అంటే వాణ్ణి నా వైపు తిప్పుకున్నాను. ప్రత్యర్థి గురించి ఈ మాట అంటే అర్థం తిరగబడుతుంది. ఓడించడానికి వేరే క్రియ ఉంది, యెన్‌మెక్. 2000 మే 17న కోపెన్‌హాగెన్‌లో ఇస్తాంబుల్ జట్టు గలతసరాయ్‌కీ లండన్ జట్టు ఆర్సెనల్‌కీ మధ్య పెనాల్టీల దాకా వెళ్ళిన యూఈఎఫ్ఏ కప్పు (యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ పోటీ) ఫైనల్ మీద రెండు వాక్యాలు రాయించందే నేను ఎవర్నీ వదలను: ‘గలతసరాయ్ ఆర్సెనలి యెన్‌ది’, ‘గలతసరాయ్ కుపయి కజన్‌ది’. ఆర్సెనల్‌ని ఓడించింది, కప్పుని గెలిచింది. ఓడినవాడికి యెన్‌ది, చేతికొచ్చినదానికి కజన్‌ది. రోజుకి పదిసార్లు, వారం రోజులు. యెన్‌దికి ‘తినబడింది’ అనే అర్థం కూడా ఉంది, కానీ ఆర్సెనల్ విషయంలో ఎవరూ పొరబడరు.

చేతికొచ్చేది కప్పే కానక్కర్లేదు. ‘ఉనివెర్సితెయి కజన్‌ది’ అంటే పిల్లకి యూనివర్సిటీలో సీటు వచ్చింది. ప్రవేశపరీక్ష రాసి తెచ్చుకుంటారు కనుక అది గెలుపే. మన ఎంసెట్ ఇళ్ళలో వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. సమయం ఆదా అయితే ‘జమాన్ కజన్‌మక్’. పుణ్యం వస్తే ‘సెవాప్ కజన్‌మక్’. నెల జీతం చేతికొస్తే మాత్రం ‘మాష్ అల్‌మక్’, తీసుకోవడమే. జీతానికి కజన్‌మక్ తగిలించకండి. ఎంత వస్తుందో అంకె చెప్పేటప్పుడు మళ్ళీ కజనియోరుమ్ బాగుంటుంది.

చివరగా కజన్‌చ్, సంపాదన. కొట్టులోంచి బయటికి వస్తూ ‘హయిర్లి ఇష్లెర్, బోల్ కజన్‌చ్‌లర్’ అనండి, మంచి బేరాలు తగలాలి, బాగా రాబడి రావాలి అని. పొద్దున్నే మొదటి బేరం మీదైతే ‘సిఫ్తా సెన్‌దెన్, బెరెకెతి అల్లాహ్‌తన్’ అని కొట్టువాడే అంటాడు. బోణీ నీది, బరకత్తు దేవుడిది. మనవాళ్ళు బోణీ నోటు కళ్ళకద్దుకున్నట్టు, అక్కడ కొందరు గడ్డానికి రాసుకుంటారు. ఆ నోటు గల్లాలో పడ్డాక ఇంకో రెండు నిమిషాలు నిలబడి, మచి కజన్‌దిక్ అని ఆయనకే ఒకసారి వినిపించి రండి.