తడి పని పగలు, పొడి పని రాత్రి

ఇంట్లోనే గుమ్మం తోరణాలు, గోడ అలంకరణలు చేసి అమ్మే అక్కచెల్లెళ్లకు ఒక మాట. పనిని గంటల లెక్కన కాకుండా తడి పని, పొడి పని అని విడదీసుకోండి. జిగురు, రంగు, వార్నిష్ తడి పని. మా గుంటలు బడికెళ్లాకే ఆ డబ్బాల మూతలు తీస్తాను. పూసలు గుచ్చడం, కుచ్చులు కట్టడం పొడి పని. మధ్యలో లేచి అన్నం కలిపి పెట్టి వచ్చినా ఏదీ పాడవదు. ఈ తెలివి రాకముందు ఒక రాత్రి రంగేసిన పలక మీద మా బుడ్డోడి అయిదు వేళ్లూ పడ్డాయి. అది అమ్మలేదు లెండి, వంటింటి గోడకే ఉంది.

పొందూరు ఖాదీ ముక్కలు వాడితే కుట్టకముందే నానబెట్టి ఆరేయండి. తర్వాత కుదించుకుపోతే కుట్టు ముడతలు పడుతుంది.

ఫొటోలకు ఫ్లాష్ వద్దు. బుడితి ఇత్తడి కుండీని ఫ్లాష్‌తో తీస్తే తెల్ల మచ్చే మిగులుతుంది. పొద్దున్న ఏడింటికి, ఎండ నేరుగా పడని వరండాలో పెట్టి, వెలుతురు వచ్చే వైపుకి ఎదురుగా తెల్ల దుప్పటి కట్టి తీయండి. ముందురోజే చింతపండుతో తోమి, చెమ్మ లేకుండా తుడవాలి.

ఇంకొకటి, మా విజయనగరం వాళ్లకి. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ. ఇల్లంతా చుట్టాలే. పండక్కి పది రోజుల ముందే నేను ఆర్డర్లు ఆపేస్తాను, అడిగింది ఆడపడుచైనా సరే.