సస్పెన్స్ కథను హంతకుడి గడియారంతో మొదలుపెట్టడం ఎలా?

నేను రాసిన మొదటి లఘుచిత్రంలో హంతకుడు రాత్రి పది గంటలకు శ్రీకాకుళంలో రైలు దిగి, పదీ పదికల్లా ఏడురోడ్ల కూడలి దగ్గర తన పని ముగించుకుంటాడు. ఆ స్క్రిప్టును మా వీధిలో ఆటో నడిపే ఒకాయనకు చదివి వినిపిస్తే, హత్య ఎవరు చేశారన్న ఆసక్తి ఆయనకు అక్కడితోనే పోయింది. "ఏటి బావూ, ఆమదాలవలస నుంచి పది నిమిసాల్లో ఎగిరొచ్చీసినాడేటి?" అన్నాడు. శ్రీకాకుళం పట్టణంలో రైల్వే స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ అనే పేరున్న స్టేషన్ పది కిలోమీటర్లకు పైగా దూరాన ఆమదాలవలసలో ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన నేను ఆ సంగతి మరచిపోవడానికి కారణం ఒక్కటే. కథకు అవసరం కాబట్టి అతన్ని ఆ వేళకు అక్కడ నిలబెట్టానే తప్ప, ఎలా వచ్చావని అతన్ని అడగలేదు.

చివరి పది నిమిషాలూ తేలిపోయాయని మనం పెదవి విరిచే చిత్రాల్లో, తప్పు సాధారణంగా ఆ పది నిమిషాలది కాదు. మొదటి సగంలో రచయిత ఉత్సాహంగా ముడి మీద ముడి వేసుకుంటూ పోతాడు, వాటిని విప్పే దారి అప్పటికి తనకే తెలియదు, చివరికి కవల సోదరుడో, మతిభ్రమణమో, ఎవరూ చూడని పాత పగో వచ్చి ఆదుకోవలసి వస్తుంది. కనుక మొదటి సన్నివేశం రాయడానికి ముందే ఒక నోటుపుస్తకం తీసుకుని, హంతకుడి ఆ ఒక్క రోజును గంటల వారీగా రాసుకోండి. ఇది తెర మీద కనిపించే కథ కాదు. దాని వెనుక నిజంగా జరిగిన కథ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. పూజారి కూర్చున్న సిరిమాను, అంటే పొడవాటి చెట్టు మాను, గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. మన హంతకుడు తాను చివరి తిరుగుడు దాకా అక్కడే ఉన్నానని, సిరిమాను వెనుక కనిపించేలా తీసిన ఫొటోను సాక్ష్యంగా చూపిస్తాడు. అదే సాయంత్రం ఐదూ ముప్పావుకు, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీకాకుళంలో హత్య జరుగుతుంది. నిజానికి ఆ ఫొటో మొదటి తిరుగుడులో తీసినది. నోటుపుస్తకంలో ఇలా పడుతుంది: మూడున్నరకు ఫొటో, జనంలోంచి నడిచి ఊరి శివార్లలో పెట్టిన బండి దగ్గరకు చేరేసరికి నాలుగు, నాతవలస మీదుగా జాతీయ రహదారి ఎక్కి శ్రీకాకుళం చేరేసరికి ఐదున్నర.

ఇలా రాసుకోగానే ప్రశ్నలు వాటంతట అవే లేస్తాయి. కారులో వెళ్లాడా? దారిలో ఏ టోల్ గేటు తగిలినా ఫాస్టాగ్ అతని సమయాన్ని నమోదు చేసి పెడుతుంది. ద్విచక్ర వాహనానికి టోల్ లేదు కాబట్టి మోటారు సైకిలు ఇద్దాం. అప్పుడు హెల్మెట్ కూడా అనుమానం కలిగించకుండా ముసుగు పని చేస్తుంది. అతని సెల్‌ఫోన్ మాటేమిటి? ఏ టవరు పరిధిలో ఉన్నదీ పోలీసులు తెలుసుకోగలరు కనుక, ఫోనును విజయనగరంలో బంధువుల ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టి వెళ్లాలి. మరి ఫొటో? అది బావమరిది ఫోనులో తీసినది, వాట్సాప్‌లో ఇతనికి వచ్చినది. అలా మామూలుగా పంపిన ఫొటోలో అసలు తీసిన సమయం వివరాలు మిగలవు. కానీ బావమరిది ఫోనులో మాత్రం ఉంటాయి.

ఇక్కడ చాలామంది భయపడి, ఆ ఫోను నూతిలో పడిపోయిందని రాసేస్తారు. అలా చేయకండి. మీ కథలోని బలహీనత దొరికిన చోటే మీకు రెండో సగం దొరికింది. అధికారి ఆ ఫోను దాకా ఎప్పుడు, ఏ అనుమానంతో వెళ్తాడు? అక్క కాపురం కోసం బావమరిది ఆ ఫొటోను చెరిపేస్తాడా, దాచుకుంటాడా? ప్రేక్షకుడు వేయగల అతి తెలివైన ప్రశ్నను మీ కథలోని పాత్రే ముందుగా వేస్తే, అది లోపంగా కాక ఉత్కంఠగా మారుతుంది. పోలీసులను మందబుద్ధులుగా చిత్రించి హంతకుణ్ణి తెలివైనవాడిగా చూపడం కంటే సోమరి పని మరొకటి లేదు.

ఆధారాన్ని దాచవలసిన చోటు కూడా ఇదే. అక్టోబరులో ఇక్కడ ఆరు గంటల లోపే పొద్దు గూకుతుంది. మూడున్నరకు మనిషి నీడ అతని ఎత్తుకు రెండింతలకు అటూఇటూగా ఉంటే, చివరి తిరుగుడు వేళకు, అంటే ఐదుంబావుకు, అది వీధి పొడవునా సాగిపోతుంది. ఆ ఫొటోను తొలి అరగంటలోనే, నీడతో సహా, ప్రేక్షకుడికి పూర్తిగా చూపించండి. అయితే అదే సమయంలో అతని దృష్టి వేరేచోట ఉండాలి: ఫొటోలో ఉన్నది ఎవరో గుర్తుపట్టే తొందరలో నీడ వైపు ఎవరూ చూడరు. చివర్లో అదే ఫొటోను మళ్లీ చూపినప్పుడు కొత్తగా చేర్చినది ఏదీ ఉండకూడదు. రహస్యం విప్పడానికి అప్పటిదాకా చూపని ఫ్లాష్‌బ్యాక్ అవసరమైందంటే, ఆధారం సరిగా నాటలేదని అర్థం.

ముగింపు దగ్గర మన చిత్రాలు ఎక్కువగా జారిపడేది నేరాంగీకారం మీద. దొరికిపోయిన విలన్ అధికారి ఎదుట నిలబడి ఎందుకు చేశాడో, ఎలా చేశాడో ఉపన్యాసమిస్తాడు, సంకెళ్లు పడతాయి, తెర పడుతుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద సాక్ష్యంగా రుజువు చేయడానికి మన చట్టం ఒప్పుకోదు. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ కొనసాగింది. అయితే ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వాస్తవం బయటపడితే, ఆ బయటపడిన సంగతికి నేరుగా సంబంధించిన మేరకు అతని మాట చెల్లుతుంది. చిత్రకథా రచయితకు ఇంతకంటే మంచి వరం ఏముంటుంది! మాటలతో ముగించకుండా, మాట వెంట వెళ్లి దొరికే వస్తువుతో ముగించమని చట్టమే చెబుతోంది. అరెస్టయిన మనిషిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం కూడా అంతే ఉపయోగపడుతుంది. కథకు గడువు కావాలంటే ఎక్కడో బాంబు పెట్టనవసరం లేదు.

యాదృచ్ఛికాల సంగతి క్లుప్తంగా చెబుతాను. పాత్రలను చిక్కుల్లో పడేసే యాదృచ్ఛికాన్ని ఒకటి జనం ఒప్పుకుంటారు, చిక్కుల్లోంచి బయటపడేసేదాన్ని ఒప్పుకోరు. జరగడానికి వీలున్నా నమ్మశక్యం కాని దానికంటే, జరగడానికి వీల్లేకపోయినా నమ్మించగలిగినదే మేలని అరిస్టాటిల్ ఏనాడో అన్నాడు. డిటెక్టివ్ కథలకు 1929లో పది నియమాలు రాసిన రోనాల్డ్ నాక్స్, పాఠకుణ్ణి ముందుగా సిద్ధం చేయకుండా కవలలను తీసుకురావద్దన్నాడు. ముక్కు దగ్గర క్లోరోఫాం రుమాలు పెట్టగానే మనిషి కుప్పకూలడం కూడా ఇక మానేయవచ్చు. దానికి నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాల్లో మనిషి ఊరికే ఉండడు.

స్క్రిప్టు పూర్తయ్యాక సినిమావాళ్లకంటే ముందు, ఆ దారుల్లో రోజూ తిరిగేవాళ్లకు వినిపించండి. చివరి పది పేజీలకు ముందు ఆపి, ఎవరు చేశారనుకుంటున్నారో కాక, ఏ చోట నమ్మబుద్ధి కాలేదో అడగండి. నేను సిరిమాను కథను మళ్లీ ఆ ఆటో ఆయనకే చదివాను. హంతకుడెవరో ఆయనకు అంతుబట్టలేదు గానీ, బండి పెట్టిన చోటు మాత్రం పట్టేశాడు. "ఆ దినం పోలీసులు బళ్లను ఊరి బయటే ఆపెస్తారు బావూ, జనంలోంచి అక్కడి దాకా నడవాలంటే అరగంట సరిపోదు" అన్నాడు. ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో నాలుగును కొట్టేసి నాలుగుంబావు చేశాను. దానితో హత్య ఆరు గంటలకు జరిగింది, అంటే పొద్దు గూకాక, అంటే ఆ సన్నివేశానికి దీపాల వెలుతురు రాయవలసి వచ్చింది.