స్మార్ట్‌వాచ్ కొనాలా వద్దా: చెరువు గట్టు మీద నా లెక్క

స్మార్ట్‌వాచ్ కొనమంటారా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండే అడుగుతాను. రోజులో ఫోను మీ చేతికి అందని సమయం ఎంత? ఆ కాసేపట్లో వచ్చిన ఫోను తీయకపోతే మీకు పోయేదేమిటి? కొట్లో కౌంటరు వెనక కూర్చునేవాళ్లకీ, ఆఫీసులో బల్ల మీద ఫోను పెట్టుకునేవాళ్లకీ పోయేదేమీ ఉండదు. వాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసినా నేనేమీ అనుకోను, డబ్బులు మిగిలినట్టే.

నాది భీమవరం దగ్గర కాళ్ల మండలంలో వనామి రొయ్యల సాగు. మేత చల్లేటప్పుడు, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించిన చెక్ ట్రే పైకి లాగేటప్పుడు రెండు చేతులూ తడిగానే ఉంటాయి. ఫోను గట్టు మీది మకాం గదిలో మేకుకి తగిలించిన సంచిలో ఉంటుంది. పగటి సంగతి ఎలా ఉన్నా, అసలు టెన్షన్ తెల్లవారుజామున. పగలు నీళ్లలో ఉన్న నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రయ్యేసరికి ఆ నాచూ రొయ్యలూ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే చీకటి విడిపోయే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే, జనరేటర్ వేయడం ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలిపోతాయి. మోటారు స్టార్టర్‌లో సిమ్ కార్డు పెట్టించుకున్నవాళ్లు మా దగ్గర చాలామందే ఉన్నారు. కరెంటు పోగానే ఆ స్టార్టరే మనకి ఫోను చేస్తుంది. గదిలో ఫ్యాను హోరులో ఆ ఫోను వినపడకపోవచ్చు గానీ ఫోను మోగగానే మణికట్టు మీద వాచ్ వణికితే మెలకువ వచ్చి తీరుతుంది. పక్కన పడుకున్న పిల్లలు మాత్రం లేవరు. నా వరకు వాచ్‌కి పెట్టిన డబ్బు అక్కడే తీరిపోయింది. మిగతావన్నీ కొసరు.

మీకు అలాంటి అవసరం ఉందో లేదో తెలియాలంటే కొనకముందే ఓ వారం చిన్న పని చేయండి. ఫోను జేబులోంచి తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో ఓ కాగితం మీద రాయండి. టైము చూడటానికి, ఎవరు ఫోన్ చేశారో చూడటానికి, ఓటీపీ కోసం, ఊరికే. "ఊరికే" అన్నవి ఎక్కువుంటే వాచ్ వల్ల మీకు ఒరిగేది లేదు, ఆ అలవాటు చేతికి కూడా ఎక్కుతుంది. ఆ వారమంతా ఇంట్లో మూలనున్న మామూలు వాచీ ఒకటి పెట్టుకుని తిరగండి. మూడో రోజుకే తీసి టీవీ మీద పెట్టేశారంటే, పాతిక వేలది కొన్నా అదే టీవీ మీదకి చేరుతుంది.

ఇక ఆరోగ్యం సంగతి. అమ్మేవాళ్లు ఎక్కువ మాట్లాడేదీ, కొనేవాళ్లు ఎక్కువ మోసపోయేదీ ఇక్కడే. మా పెద్దమ్మ ఓసారి నా చెయ్యి పట్టుకుని, "ఏరా అబ్బాయ్, ఇందులో బీపీ కూడా తెలుస్తుందంట కదా" అంది. "తెలుస్తుంది పెద్దమ్మా, అరటికాయకి కట్టినా తెలుస్తుంది" అన్నాను. నవ్వులాటకి అన్నది కాదు. చవక వాచీల్లో కొన్నింటిని అరటికాయకో చుట్టిన తువ్వాలుకో కట్టి చూడండి, నాడి ఇంత, ఆక్సిజన్ ఇంత, బీపీ ఇంత అని చక్కగా చెబుతాయి. వాచ్ అడుగున పచ్చ లైటు వెలుగుతుంది కదా, ఆ వెలుతురుని రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగి వచ్చే వెలుతురు కూడా మారుతుంది. ఆ మార్పుని లెక్కపెట్టి నాడి చెబుతుంది. కుదురుగా కూర్చున్నప్పుడు మంచి వాచ్ చెప్పే నాడిని నమ్మొచ్చు. పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి ఊపుతూ పని చేస్తున్నా లెక్క తప్పుతుంది. మణికట్టు ఎముకకి ఓ వేలు పైన, జారకుండా, అలాగని అచ్చు పడేంత గట్టిగా కాకుండా పెట్టుకోవాలి. అక్కడ పచ్చబొట్టు ఉంటే ఆ రంగు వెలుతురుని అడ్డుకుంటుంది, రెండో చేతికి మార్చండి. ఆడవాళ్లు గాజులున్న చేతికి పెట్టుకుంటే వాచ్ పైకీ కిందకీ జరుగుతూ ఉంటుంది, అద్దం మీద గీతలు కూడా.

బీపీ వేరే. డాక్టరు గారు జబ్బకి పట్టీ కట్టి, గాలి నింపి, రక్తం ఆగిన చోటా మళ్లీ పారిన చోటా చూసి చెబుతారు. ఎక్కువ వాచీలు అదేమీ చేయవు, వెలుతురుని బట్టి అంచనా కడతాయి. శామ్‌సంగ్ వాచ్‌లో బీపీ చూసుకోవాలంటే 28 రోజులకోసారి మామూలు పట్టీ మిషనుతో చూసి సరిచేసుకోమని ఆ కంపెనీయే చెబుతుంది. అంటే మిషను ఎలాగూ కొనాల్సిందే. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే రెండు వేలు అటూ ఇటూగా జబ్బకి కట్టే డిజిటల్ మిషను వస్తుంది, అది కొనండి.

షుగర్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలూ ఉంగరాలూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అలాంటి వాటికి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాడొద్దని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ తక్కువలు చేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది.

ఖరీదైన వాచీల్లో ఈసీజీ ఉంటుంది. ఆపిల్ వాచ్‌లో అది 2018లో వచ్చిన సిరీస్ 4తో మొదలైంది. గుండె లయ తప్పుతోందేమో పట్టుకోవడానికి అది నిజంగా ఉపయోగపడుతుంది. గుండెపోటుని మాత్రం పట్టుకోలేదు, ఆ మాట ఆపిల్ కూడా రాస్తుంది. గుండెలో నొప్పి వస్తే వాచ్ చూసుకుంటూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

అడుగుల లెక్క సరదాకి బాగుంటుంది. ఉండి ఊరి నుంచి భీమవరం బండి మీద వెళ్తే గుంతల పుణ్యమా అని కొన్ని వాచీల్లో అడుగులు పడిపోతాయి. అదే 25 కిలోల మేత బస్తా భుజాన వేసి, చేత్తో పట్టుకుని గట్టంతా నడిస్తే సగం కూడా పడవు, చెయ్యి ఊగలేదు కాబట్టి. రోజుకి 10 వేల అడుగులు అన్నది కూడా వైద్యులు పెట్టిన లెక్క కాదు, 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషను అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ నడిచామా అని చూసుకోవడానికైతే సరే.

ఇంతా విన్నాక కూడా కొనాలని ఉంటే, మొదట మీ ఫోను చూసుకోండి. ఆపిల్ వాచ్ ఐఫోన్‌తో తప్ప పనిచేయదు. శామ్‌సంగ్ గెలాక్సీ వాచ్ 4 నుంచి వచ్చినవి ఆండ్రాయిడ్‌కే. కువైట్ నుంచో దుబాయ్ నుంచో చుట్టాలు తెచ్చినవి మా వైపు ఇళ్లలో చాలానే ఉంటాయి. వాటిలో సిమ్‌తో నడిచే మోడల్ అయితే, ఏ దేశంలో అమ్మిందో దాన్ని బట్టి నెట్‌వర్క్ బ్యాండ్లు, అంటే అది అందుకోగలిగే సిగ్నల్ రకాలు, మారతాయి. ఇక్కడ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి, తెచ్చాక మొహమాటం.

ఆన్‌లైన్‌లో ఓ వంద తక్కువైనా సరే, షాపుకి వెళ్లి చేత్తో పట్టుకుని చూడటమే మేలు. మీ ఫోనుకి కలిపించి, ఇంట్లోవాళ్లచేత వాట్సాప్‌లో తెలుగులో ఓ మెసేజ్ పెట్టించండి. చవక వాచీల్లో కొన్ని తెలుగు అక్షరాల బదులు డబ్బాలు చూపిస్తాయి, ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. తర్వాత వాచ్‌తో బయటికొచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి చూడండి. లోపల ఏసీలో మెరిసిపోయే స్క్రీను ఎండలో నల్లపలకలా కనిపిస్తే మనకి పనికిరాదు. వేలు తడి చేసుకుని ఫోను ఎత్తడానికి ప్రయత్నించండి. తడి వేలికి టచ్ పలకదు కాబట్టి పక్కన గట్టి బటన్ ఉండి, ఆ బటన్‌తో ఫోను ఎత్తడమో ఆపడమో చేయగలిగేది తీసుకోండి. చివరగా చార్జరు. చాలా వాచీలకి దాని చార్జరు దానిదే. అది పోతే ఊళ్లో దొరుకుతుందా, పట్టీ మామూలు 20 లేక 22 మిల్లీమీటర్లదేనా అని అడగండి. షాపువాడు తల గోక్కుంటే ఆ మోడల్ వదిలేయండి.

నీళ్ల గురించి పెట్టె మీద రెండు రకాలుగా రాస్తారు. ఐపీ 68 అంటే నీళ్లలో మునిగినా కాసేపు తట్టుకుంటుందని, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పాలి. 5 ఏటీఎం అంటే 50 మీటర్ల లోతులో కదలకుండా ఉన్న నీళ్ల ఒత్తిడితో సమానం, 50 మీటర్లు దూకమని కాదు. ఈ పరీక్షలు మామూలు నీళ్ల మీద లెక్క. మా చెరువుల్లోది ఉప్పునీరు. సాయంత్రం గట్టు దిగగానే మంచినీళ్ల కుళాయి కింద కడిగి, వెనక ఉన్న రెండు చార్జింగ్ పిన్నుల్ని పొడిగుడ్డతో తుడవాలి. తడి చెమటతోనే చార్జింగ్ పెడితే ఆ పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము పడుతుంది, కొన్నాళ్లకి చార్జింగ్ ఎక్కదు. మా బావమరిది వాచ్ అలాగే పోయింది. గ్యారంటీలో ఇస్తామన్నవాళ్లు పిన్నులు చూసి నీళ్లు తగిలాయని తిప్పి పంపేశారు.

బ్యాటరీ అనేది రోజూ పెట్టుకుంటారా లేదా అన్నది తేల్చే విషయం. ఆపిల్ వాచ్ మామూలు మోడళ్లకి కంపెనీ చాలా ఏళ్లు చెప్పింది 18 గంటలు, 2025లో వచ్చిన సిరీస్ 11కి 24 గంటలు. అంటే రాత్రి పెట్టుకుని పడుకోవాలంటే మధ్యలో ఎక్కడో చార్జింగ్ పెట్టాలి. నాలాంటి వాళ్లకి రాత్రే ముఖ్యం కాబట్టి వారం దాకా నడిచే మామూలు రకం నయం. స్నానం చేసి టిఫిన్ తినేలోపు చార్జింగ్ అనే అలవాటు పెట్టుకుంటే ఎప్పుడూ ఖాళీ అవదు. డబ్బు విషయంలో నా మాట: ఫోను మోగిందని చెప్పడానికి రెండు మూడు వేలది చాలు. ఈసీజీ, పడిపోతే పసిగట్టి ఫోన్ చేయడం లాంటివి నిజంగా కావాల్సిన వాళ్లే పెద్ద ఖరీదుకి వెళ్లాలి. మధ్యలో ఏడెనిమిది వేల రకాలు నాకు ఎప్పుడూ అంత నచ్చలేదు, డబ్బా మీద పేరు ఎక్కువ, చేతికి పని తక్కువ.

కొన్నాక మొదటి రోజు చేయాల్సింది, నోటిఫికేషన్లు అన్నీ ఆపేయడం. ఫోన్ కాల్స్, బ్యాంకు మెసేజ్‌లు, ఇంట్లోవాళ్లవి, అంతే. లేకపోతే ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే పువ్వులూ దీపాలూ వచ్చే వేళకి చెయ్యి గిజగిజలాడిపోతుంది. తర్వాత ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి, వాచ్ ఆప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయండి. షావోమి, వివో, రియల్‌మీ లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే ఆప్‌ని ఆపేస్తాయి. "వాచ్ మోగడం లేదు" అని షాపుకి తిరిగొచ్చే గొడవల్లో చాలావరకు ఇదే కారణం. బ్లూటూత్ దూరం పది మీటర్లు అనుకోండి, గోడలుంటే ఇంకా తక్కువ. రాత్రి ఫోను నట్టింట్లో చార్జింగ్ పెట్టి మీరు పెరట్లో మంచం వేసుకుంటే వాచ్ ఉన్నా లేనట్టే. చెరువులున్నవాళ్లు వాచ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, కాపలా కుర్రాడికి కూడా ఆ ఫోను వెళ్లేలా రెండో నంబరు పెట్టించండి.

మా డెల్టా ఉక్కకి పట్టీ కింద దురద రావడం మామూలే. రోజూ సబ్బుతో పట్టీ కడిగి, ఆరాక పెట్టుకోండి. ఎర్రగా పొక్కితే కొన్నాళ్లు చెయ్యి మార్చండి, తగ్గకపోతే గుడ్డ పట్టీకి మారండి.

ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి పిల్లలు హైదరాబాద్ నుంచి వాచ్ పంపిస్తుంటారు. పడిపోతే పసిగట్టే సౌకర్యం మంచిదే గానీ, రోజూ చార్జింగ్ ఎవరు పెడతారో ముందు తేల్చుకోండి. పొద్దున్నే పాలు పోసే అమ్మాయికో, ఎదురింటి పిన్నిగారికో ఆ పని ఒప్పజెప్పగలిగితేనే కొనండి.

వాడక పక్కన పెట్టేస్తే బ్యాటరీ పాడవకముందే ఎవరికైనా ఇచ్చేయండి. ఇచ్చేముందు ఫోనులోని ఆప్ నుంచి వాచ్‌ని విడదీసి, వాచ్‌ని రీసెట్ చేయాలి. ఆపిల్ వాచ్ అయితే ఇది మరీ ముఖ్యం, లేకపోతే మీ అకౌంటు పాస్‌వర్డు లేకుండా తీసుకున్నవాళ్లు దాన్ని వాడుకోలేరు, మళ్లీ మీకే ఫోన్ చేయాలి.